మూసీ ఎగువ పల్లెలు, హైదరాబాదు నగరం: ఒక పరస్పరాశ్రయ చరిత్ర

పల్లె ముందు పుట్టినదా, నగరం ముందు పుట్టినదా అన్న ప్రశ్నకు ఇబ్నె ఖల్దూన్ ఆరు శతాబ్దాల క్రితమే సమాధానం చెప్పియున్నాడు. క్రీ.శ. 1332లో ట్యూనిస్‌లో జన్మించి 1406లో కైరోలో మరణించిన ఈ చరిత్రకారుడు 1377లో రచించిన 'ముఖద్దిమా'లో మానవ నివాసాన్ని రెండు విధాలుగా విభజించాడు. ఒకటి పల్లెల, ఎడారి తెగల జీవనం. రెండవది నగర జీవనం. మొదటిదే రెండవదానికి మూలమని ఆయన సిద్ధాంతం. మనిషి మొదట ఆకలి తీర్చుకొని ఆ తరువాతనే అలంకారం కోరుకుంటాడు గనుక పల్లె తల్లి, నగరం బిడ్డ.

అయితే ఆయన అక్కడితో ఆగలేదు. తల్లి బిడ్డకు ఎందుకు లోబడుతుందన్న చిక్కు ప్రశ్నను కూడా ఎత్తుకున్నాడు. పల్లెవాసికి నాగలి కావాలి, కత్తి కావాలి, బట్ట కుట్టేవాడు కావాలి, చేతిలో నాణెం ఆడాలి. ఇవన్నీ నగరంలోనే దొరుకుతాయి. నగరవాసికి పల్లె నుంచి ధాన్యం, పాలు, ఉన్ని, తోలు వస్తాయి. కాని పల్లెవాసి నగరాన్ని కోరేది అత్యవసరాల కొరకు, నగరవాసి పల్లెను కోరేది సౌఖ్యాల కొరకు అని ఇబ్నె ఖల్దూన్ తేల్చాడు. అందువల్లనే పల్లె నగరానికి తలవంచి ఉంటుందని ఆయన అభిప్రాయం.

ఈ సూత్రాన్ని దక్కనులో, అందునా హైదరాబాదు పడమటి దిక్కున పరీక్షించి చూస్తే ఫలితం తలక్రిందులుగా కనిపిస్తుంది. ఇక్కడ నగరం పల్లెను అడిగినది సౌఖ్యం కాదు, త్రాగునీరు. జీవితావసరాలలో దానికి మించినది లేదు. అయినా తలవంచినది మాత్రం పల్లెయే. ఎంకపల్లి మొదలైన మొయినాబాదు, చేవెళ్ల ప్రాంత గ్రామాల గత నూరేళ్ల చరిత్ర సారాంశం ఇదే.

హైదరాబాదు నుంచి బీజాపూరు వెళ్లే రహదారి మొయినాబాదు, చేవెళ్లల మీదుగా సాగుతుంది. మూసీ నది వికారాబాదు సమీపాన అనంతగిరి కొండలలో పుట్టి తూర్పుగా ప్రవహిస్తుంది. దాని ఉపనది ఈసీ దక్షిణంగా వేరే దారిన వచ్చి లంగర్‌హౌజ్ వద్ద, నేటి బాపూఘాట్ సమీపంలో, మూసీలో కలుస్తుంది. ఎంకపల్లి, దాని ఇరుగుపొరుగు గ్రామాలు ఈ రెండు నదుల పరీవాహక ప్రాంతంలోనివి. ఇక్కడ కురిసిన వాన ఏ వాగున పడినా చివరకు చేరేది నగరానికే.

ఈ ప్రాంతపు ఊళ్ల పేర్లే ఒక చరిత్ర గ్రంథం వంటివి. ఎంకపల్లి, రెడ్డిపల్లి, కేతిరెడ్డిపల్లి, నక్కలపల్లి అన్నవి సేద్యగాండ్రు పెట్టుకున్న పేర్లు. వాటి నడుమనే అజీజ్‌నగర్, హిమాయత్‌నగర్, ముర్తుజాగూడ, బాకారం జాగీర్ కనిపిస్తాయి. ఇవి నగరం నుంచి వచ్చిన పేర్లు. జాగీర్ అన్న మాట ఊరి పేరులోనే మిగిలిపోయిందంటే ఆ ఊరి శిస్తు ఒకప్పుడు ఎవరి ఇంటికి వెళ్లేదో వేరుగా చెప్పనక్కరలేదు. నిజాం రాజ్యంలో సుమారు 60 శాతం భూమి దివానీ క్రింద, 30 శాతం జాగీర్ల క్రింద, 10 శాతం నిజాం సొంత ఖర్చుల నిమిత్తం కేటాయించిన సర్ఫెఖాస్ క్రింద ఉండేది. రాజధాని చుట్టూ ఉన్న సర్ఫెఖాస్ భూముల జిల్లాకు 'అత్రాఫె బల్దా' అని పేరు. బల్దా అంటే నగరం, అత్రాఫ్ అంటే చుట్టుప్రక్కలు. ఆ జిల్లాకు తనదంటూ ఒక పేరు కూడా లేదు. నగరానికి చుట్టుప్రక్కల ఉండటమే దాని గుర్తింపు.

1949లో సర్ఫెఖాస్ ప్రభుత్వంలో విలీనమైనది, అదే సంవత్సరం జాగీర్లు రద్దయినవి. 1978లో హైదరాబాదు జిల్లా నుంచి గ్రామీణ ప్రాంతాన్ని వేరుచేసి రంగారెడ్డి జిల్లా ఏర్పరచారు. పేరు మారినది గాని పాత బంధం అంత సులభంగా తెగలేదు. కొత్త జిల్లా కలెక్టరు కార్యాలయం హైదరాబాదు నడిబొడ్డున లక్డీకాపూల్‌లోనే చాలా ఏళ్లు కొనసాగినది. భూమి కాగితం మీద ఒక సంతకం కొరకు చేవెళ్ల రైతు తన జిల్లా దాటి మరొక జిల్లాకు ప్రయాణం చేయవలసి వచ్చేది. 2022లో గాని ఆ కార్యాలయం కొంగరకలాన్‌కు మారలేదు.

నగరానికి నీరు తెచ్చే ప్రయత్నం కుతుబ్‌షాహీల కాలం నుంచే ఉన్నది. గోల్కొండ కోటకు దుర్గం చెరువు నీరు వచ్చేది. ఇబ్రాహీం కుతుబ్‌షా కాలంలో హుస్సేన్‌సాగర్ నిర్మాణం జరిగినది. 1591లో ముహమ్మద్ ఖులీ కుతుబ్‌షా హైదరాబాదుకు పునాది వేసినప్పుడు మూసీ ఒడ్డును ఎన్నుకోవడం వెనుక గోల్కొండ నీటి ఎద్దడి ఒక కారణమని చరిత్రకారులు చెబుతారు. నగరం నిర్మించేవాడు మొట్టమొదట మంచినీటిని, పచ్చికను, పొలాలను, వంటచెరకును చూసుకోవాలని, ఇవి చూడకుండా కట్టిన పట్టణాలు ఎంతోకాలం నిలువవని ఇబ్నె ఖల్దూన్ హెచ్చరించాడు. ఈ నాలుగూ నగరం గోడల లోపల దొరికేవి కావన్నది గమనించదగిన విషయం.

ఆ తరువాత మూడు శతాబ్దాలకు వచ్చిన ఉపద్రవం నగరానికీ ఎగువ పల్లెలకూ గల సంబంధాన్ని ఎవరూ మరచిపోలేని విధంగా చాటినది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తినది. పాతనగరం పెద్దలు దానిని 'తుగ్యానీ' అని తరతరాలుగా చెప్పుకొన్నారు. మృతుల సంఖ్య సుమారు 15 వేలని అంచనా. ఈ వరద నగరంలో కురిసిన వానవల్ల మాత్రమే వచ్చినది కాదు. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళాల వాన నమోదైనది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం ఆహ్వానంపై 1909లో వచ్చిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఎగువ ప్రాంతమంతా పరిశీలించి ఒక ముఖ్య విషయం కనుగొన్నాడు. మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉన్నవి. అంటే దాదాపు చదరపు మైలుకు ఒక చెరువు. వాటిలో 221 చెరువులు ఒకదాని వెనుక ఒకటి తెగిపోయినవి. పై చెరువు కట్ట తెగి క్రింది చెరువు మీద పడగా, అది తెగి మరొక దాని మీద పడినది. ఆ ప్రవాహమంతా నగరం మీదకు వచ్చినది.

ఇందులోని అంతరార్థం సులభంగా దాటవేయదగినది కాదు. చెరువు కట్ట పల్లె ప్రజల శ్రమతో నిలిచేది. పూడిక తీయడం, గండి పూడ్చడం, తూము బాగుచేయడం పల్లె పనులు. ఆ పనులు సక్రమంగా సాగినంతకాలం ఎనిమిది వందల చెరువులు వాననీటిని అంచెలంచెలుగా పట్టి ఉంచి నగరాన్ని కాపాడినవి. నగరానికి ఆ సంగతి తెలియనే తెలియదు. కట్టలు తెగిన తరువాత మాత్రమే అవి ఎవరిని కాపాడుతున్నవో బయటపడినది.

ఇటువంటి ఉదాహరణ ఇస్లామీయ చరిత్రలో ఇంతకు ముందే ఒకటి కలదు. అబ్బాసీల రాజధాని బగ్దాదు వైభవానికి ఆధారం దాని చుట్టూ ఉన్న 'సవాద్' గ్రామసీమ, దానికి నీరందించే నహ్రవాన్ కాలువ. క్రీ.శ. 937లో ఇబ్నె రాయిఖ్ అనే సేనాధిపతి తన ప్రత్యర్థి బజ్‌కమ్ సైన్యం రాకుండా ఆ కాలువకు గండి కొట్టించాడు. శత్రువు ఆగలేదు గాని పొలాలు మాత్రం పాడైనవి. కాలువ క్రింది గ్రామాలు ఎండిపోయినవి. ఆ దెబ్బకు, అప్పటికే సాగుతున్న అంతర్యుద్ధాలు తోడై బగ్దాదు ఆదాయం క్షీణించి నగరం కుంచించుకుపోయినది. నగరం తన పల్లెను గాయపరచి తాను బ్రతకలేదనడానికి ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యం అరుదు.

విశ్వేశ్వరయ్య సలహా ప్రకారం మూసీపై 1913లో ఆరంభమైన ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయినది. గండిపేట గ్రామం వద్ద కట్టినందున ప్రజలకు అది గండిపేట చెరువుగానే పరిచితం. ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయినది. మొదటిదాని సామర్థ్యం సుమారు 3.9 టి.ఎం.సి.లు, రెండవదానిది సుమారు 2.97 టి.ఎం.సి.లు. వరద నివారణతో పాటు నగరానికి త్రాగునీరు ఇవ్వడం వీటి ఉద్దేశం. ఉస్మాన్‌సాగర్ నీరు ఆసిఫ్‌నగర్ శుద్ధి కేంద్రానికి, హిమాయత్‌సాగర్ నీరు మీరాలం కేంద్రానికి వచ్చేది. నీరు ఎత్తు నుంచి పల్లానికి తనంత తానే పారి వచ్చేది గనుక పంపుల ఖర్చు లేదు. కొన్ని దశాబ్దాల పాటు హైదరాబాదు త్రాగిన నీరంతా దాదాపుగా ఈ రెండు సాగరాలదే. గండిపేట నీళ్లు త్రాగినవాడు హైదరాబాదు విడిచి వెళ్లడని ఒక లోకోక్తి కూడా పుట్టినది. ఆ నీరు ఏ పొలాల మీదుగా వచ్చినదో లోకోక్తి చెప్పదు.

నీరు ఒక్కటే కాదు. పాలు, పశుగ్రాసం, కట్టెలు, కూరగాయలు, పూలు ఇదే దారిన నగరం చేరేవి. బీజాపూరు రహదారికి ఇరుప్రక్కల సుమారు 900 మర్రిచెట్లు నిజాం కాలంలో నాటినవి ఇప్పటికీ ప్రసిద్ధం. ఎడ్లబండ్ల కాలంలో ఆ నీడ ఒక అలంకారం కాదు. మనిషికీ ఎద్దుకూ ఊపిరి. తరువాత బండ్లకు బదులు లారీలు, బస్సులు వచ్చినవి. రహదారి వెడల్పు పని వచ్చినప్పుడు ఆ చెట్ల వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లినది. వెడల్పు ఆలస్యమైన రోజులలో ఆ ఇరుకు బాట మీదనే, 2025 నవంబరు 3న చేవెళ్ల సమీపంలోని మీర్జాగూడ వద్ద, తాండూరు నుంచి నగరానికి వస్తున్న ఆర్.టి.సి. బస్సును కంకర టిప్పరు ఢీకొని 19 మంది చనిపోయారు. చెట్లు ఉండాలన్నవారిదీ న్యాయమే, బాట పెరగాలన్నవారిదీ న్యాయమే. చనిపోయినవారు మాత్రం చదువుకో, కొలువుకో నగరం మీద ఆధారపడి బయలుదేరిన సామాన్యులు.

పల్లె సరుకు నగరపు అంగడికి చేరిన చోట ధర్మసమస్య మరొక రూపం దాలుస్తుంది. మదీనాలో విశ్వాసుల సమాజం ఏర్పడిన తొలినాళ్లలోనే ఈ సమస్య దైవప్రవక్త ముహమ్మద్ (స) వారి ఎదుటికి వచ్చినది. సరుకుతో వస్తున్న బిడారులను ఊరి బయటనే అడ్డగించి కొనడాన్ని ప్రవక్త (స) నిషేధించారు; అలా కొన్నప్పటికీ, యజమాని అంగడికి వచ్చి అసలు ధర తెలుసుకున్న తరువాత ఆ బేరాన్ని రద్దు చేసుకునే హక్కు అతనికి ఉంచారు. పల్లెవాసి సరుకును పట్టణవాసి అతని తరఫున చేతిలో పెట్టుకొని అమ్మడాన్ని కూడా వారించారు. పట్టణవాసి పల్లెవాసికి దళారి కారాదన్నదే దీని భావమని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వివరించారు. పలువురు ఫఖీహ్‌ల వివరణలో ఈ రెండు ఆజ్ఞలకు రెండు ప్రయోజనాలు ఉన్నవి. మొదటిది ధర తెలియని పల్లెవాసి మోసపోకుండా కాపాడుతుంది. రెండవది సరుకు దాచి ధర పెంచకుండా పట్టణవాసిని కాపాడుతుంది. ఒకే తక్కెడకు రెండు సిబ్బెలు.

చేవెళ్ల, మొయినాబాదు రైతు గుడిమల్కాపూర్‌లోని అంగడికి తెల్లవారకముందే తన టమాటా, క్యారెట్టు, బంతిపూలు దించి, అడ్తి వ్యాపారి తువ్వాలు క్రింద వ్రేళ్లతో తేల్చిన ధరకు తల ఊపిన కాలం ఎంతో దూరం కాదు. 1999 జనవరి 26న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతుబజార్లు ప్రారంభించి రైతే స్వయంగా వినియోగదారునికి అమ్ముకొనే ఏర్పాటు చేసినది. మెహదీపట్నం రైతుబజారు ఈ ప్రాంత రైతులకు సమీపమైనది. ఇది ఆ మదీనా నియమానికి ఎంత దగ్గరగా ఉన్నదో పాఠకులు గమనించగలరు. లోపం ఏమనగా, ఒక కుటుంబం పొలం పనీ అమ్మకం పనీ రెండూ చేయలేదు. మనుషులు తక్కువైన ఇంటికి దళారియే మళ్లీ గతి.

నీటి సంగతికి తిరిగి వస్తే, అసలు వివాదం ఇరవయ్యవ శతాబ్దం చివర మొదలైనది. నగరం పడమరగా విస్తరించసాగినది. జంటసాగరాల చుట్టూ కర్మాగారాలు, కాలనీలు వస్తే త్రాగునీరు విషమవుతుందన్న భయంతో ప్రభుత్వం 1996 మార్చి 8న జీ.ఓ. 111 జారీ చేసినది. జలాశయాల పూర్తి నీటిమట్టం నుంచి 10 కిలోమీటర్ల లోపల కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు నిషిద్ధం. ఆ పరిధిలోని భూమిలో 90 శాతం వ్యవసాయ, వినోద మండలంగా ఉంచవలెను. దీని క్రిందకు 84 గ్రామాలు, సుమారు 1,32,000 ఎకరాలు వచ్చినవి. మొయినాబాదు, చేవెళ్ల, శంకరపల్లి, షాబాదు, శంషాబాదు, రాజేంద్రనగర్ మండలాల గ్రామాలు అందులోనివి. ఒక నూనె కర్మాగారానికి ప్రభుత్వమే ఈ నిషేధం నుంచి మినహాయింపు ఇవ్వగా, లక్షలాది ప్రజల త్రాగునీటితో ముడిపడిన చోట అటువంటి మినహాయింపు చెల్లదని సుప్రీంకోర్టు 2000 సంవత్సరంలో తీర్పు చెప్పినది. హాని జరుగుతుందని రుజువయ్యే దాకా ఆగకుండా ముందే జాగ్రత్తపడాలన్న సూత్రానికి ఆ తీర్పు భారతదేశమంతటా ప్రమాణమైనది.

నిషేధం సరైనదే. కాని ఆ జీ.ఓ.లో ఒక మాట లేదు. నగరం నీరు త్రాగడానికి 84 గ్రామాలు తమ భూమి విలువను, ఉపాధి అవకాశాలను వదులుకోవాలి. దానికి ప్రతిఫలంగా నగరం ఏమి ఇస్తుంది? ఔటర్ రింగు రోడ్డుకు అటువైపు ఉన్న గ్రామాలలో ఎకరం ధర ఆకాశానికి పోతుండగా ఇక్కడ రైతు చూస్తూ ఉండవలసి వచ్చినది. కూతురి పెళ్లికో, వైద్యానికో అతను అమ్మదలచినప్పుడు ఆంక్షల పేరు చెప్పి తక్కువకు కొన్నవారు నగరవాసులే. కొన్న తరువాత వారిలో కొందరు అవే భూములలో ప్రహరీలు లేపి విడిది గృహాలు, విందుశాలలు కట్టుకున్నారు. పల్లెవాసికి అడ్డైన ఆంక్ష నగరవాసికి అడ్డు కాలేదన్న ఫిర్యాదు ఈ గ్రామాలలో బలంగా వినిపించినది.

ఖలీఫా హారూన్ రషీద్ కోరికపై ఇమామ్ అబూ యూసుఫ్ (మరణం హి.శ. 182, క్రీ.శ. 798) 'కితాబుల్ ఖరాజ్' రచించారు. కాలువల ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న అందులో చర్చకు వచ్చినది. తమ పొలాలకు మాత్రమే నీరు పెట్టుకొనే చిన్న కాలువల ఖర్చు ఆ రైతులదే. టైగ్రిస్, యూఫ్రటీస్ వంటి మహానదుల గట్లు, తూముల ఖర్చు బైతుల్‌మాల్ నుంచే రావాలి. ఎందుకనగా వాటి ప్రయోజనం అందరిదీ, వాటి నష్టమూ అందరిదీ. ప్రయోజనం అందరిదై భారం కొందరిదైతే అది అన్యాయమన్న ఈ దృష్టితో జీ.ఓ. 111ను చూస్తే లోపం ఎక్కడున్నదో తెలుస్తుంది. నీటిని కాపాడటం సమాజమంతటి బాధ్యత అయినప్పుడు దాని మూల్యం ఎంకపల్లి రైతు ఒక్కడి కాతాలో వ్రాయరాదు. నగరవాసి నీటి బిల్లులో ఒక చిన్న భాగం ఎగువ గ్రామాలకు చేరే ఏర్పాటు ఉండియుంటే వివాదం ఇంత దూరం వచ్చేది కాదు.

ఈలోగా నగరం మరెక్కడెక్కడి నుంచో నీరు తెచ్చుకొన్నది. 1965లో మంజీరా, 2004లో నాగార్జునసాగర్ వెనుక జలాల నుంచి కృష్ణ, 2015లో ఎల్లంపల్లి నుంచి గోదావరి వచ్చినవి. వాగుల మీద అడ్డుకట్టలు, లెక్కలేనన్ని బోరుబావులు, మూసుకుపోయిన కాలువల వల్ల జంటసాగరాలకు నీటి రాక కూడా తగ్గినది. 2022 ఏప్రిల్ 12న తెలంగాణ ప్రభుత్వం జీ.ఓ. 69 ద్వారా ఆ పాత ఆంక్షలను ఎత్తివేస్తూ, నగర నీటి అవసరాలలో ఈ రెండు సాగరాల వాటా 1.25 శాతం కూడా లేదని కారణం చూపినది. ఆ వార్తకు చాలా గ్రామాలలో సంబరాలు జరిగినవి. పర్యావరణవాదులు ఆందోళన చెందినారు. ఇరుపక్షాల వాదనలోనూ పల్లెకు నగరం పడిన బాకీ ప్రస్తావన తక్కువగానే వినిపించినది. ఆంక్ష ఉన్నప్పుడు పల్లె నష్టపడినది. ఆంక్ష తొలగినప్పుడు లాభపడినవారిలో అప్పటికే భూమి అమ్ముకున్న రైతు లేడు.

నగరం దిగువన ఉన్న పల్లెల కథ వేరు. మూసీ హైదరాబాదు దాటిన తరువాత నగరపు మురుగే నదిగా పారుతుంది. పీర్జాదిగూడ నుంచి క్రిందికి ఆ నీటితోనే గడ్డి పెంచి, వరి పండించి బ్రతికే గ్రామాలు ఎన్నో ఉన్నవి. ఆ గడ్డి మళ్లీ నగరపు గేదెలకు వచ్చి, పాలై నగరవాసి ఇంటికి చేరుతుంది. ఎగువ పల్లె పంపినది మంచినీరు, దిగువ పల్లెకు అందినది మురుగునీరు. మధ్యలో ఉన్నది హైదరాబాదు.

2025 సెప్టెంబరులో మరొక పథకానికి శంకుస్థాపన జరిగినది. గోదావరి నీటిని మల్లన్నసాగర్ నుంచి నగరానికి తెచ్చి, అందులో కొంత భాగంతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను నింపి మూసీకి ప్రాణం పోయడం దాని ఉద్దేశం. నూరేళ్ల క్రితం నగరానికి నీరిచ్చిన సాగరాలకు ఇప్పుడు దూరపు నది నుంచి నీరు పోయవలసి వచ్చినది. సిద్దిపేట జిల్లాలో 2022లో ప్రారంభమైన ఆ 50 టి.ఎం.సి.ల మల్లన్నసాగర్ క్రింద వేములఘాట్, పల్లెపహాడ్ మొదలైన గ్రామాలు మునిగిపోయినవి. అక్కడి కుటుంబాలు ఇప్పుడు గజ్వేలు ప్రక్కన పునరావాస కాలనీలలో ఉంటున్నవి.